బెత్నల్ గ్రీన్ మెట్లు

లండను తూర్పుభాగమున బెత్నల్ గ్రీన్ అను భూగర్భ రైలుస్టేషను గలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున దాని నిర్మాణము సగములో ఆగియుండుటచే, విమానదాడులప్పుడు వేలకొలది శ్రామికజనులు అందు తలదాచుకొనుచుండిరి. 1943 మార్చి 3వ తేదీ రాత్రి దాని మెట్లమీద 173 మంది మరణించిరి. అందు 62 మంది బిడ్డలు. ఆ రాత్రి అచ్చట ఒక్క బాంబైనను పడలేదు!

రెండుదినములముందు ఇంగ్లీషు విమానములు బెర్లినుపై తీవ్రముగా దాడి సలిపియుండుటచే ప్రతీకారము తప్పదని ప్రజలు భయపడుచుండిరి. రాత్రి 8 గంటల 17 నిమిషములకు అపాయసూచన వినవచ్చెను. పది నిమిషములకు సమీపమందలి విక్టోరియా పార్కునుండి స్వపక్షమువారే ప్రయోగించిన క్రొత్త రాకెట్లు భీకరధ్వని చేసెను. అవి తమవేయని ప్రజలకు ముందుగా తెలిపినవారు లేరు. జనము మెట్లవైపు పరుగిడెను. వానకు తడిసిన మెట్లు, ఒక్క గ్రుడ్డిదీపము, నడుమ పట్టుకొనుటకు కమ్మియైన లేదు. బిడ్డ నెత్తుకొన్న స్త్రీ యొకతె అడుగుమెట్లకడ తూలిపడెను. ఆమెపై వెనుకవారు, వారిపై ఇంకను వెనుకవారు. ఇరువదియైన లేని ఆ మెట్లలో దాదాపు 300 మంది చిక్కుకొనిరి.

ఆ ద్వారమును బాగుచేయుటకు అనుమతింపుడని స్థానిక పురపాలకసంఘమువారు 1941లోనే పైయధికారులకు వ్రాసియుండిరి. వ్యర్థవ్యయమని అది త్రోసివేయబడెను. ప్రమాదానంతరము మాత్రము కమ్ములు వచ్చెను, మెట్లకు తెల్లరంగును వచ్చెను. అప్పుడు ధనమెట్లు దొరకెనో!

మేజిస్ట్రేటు లారెన్సు డన్ విచారణ జరిపి నివేదిక నిచ్చెను. శత్రువునకు మేలగునను సాకుతో హోంమంత్రి హెర్బర్టు మారిసన్ దానిని ప్రకటింపడయ్యెను. 1945 జనవరివరకు అది వెలుగుచూడలేదు. పత్రికలు తొలుత స్థలముపేరైన వ్రాయలేకపోయెను. ఈ విద్య మన పత్రికలకు క్రొత్తది కాదు గదా! విచిత్రమేమన, అదే మార్చి 3వ తేదీ ఉదయమున పూనాలోని ఆగాఖాన్ భవనమున బందీగానున్న గాంధీమహాత్ముడు తన 21 దినముల ఉపవాసమును ముగించెను. ఆ ఏటనే వంగదేశము క్షామమున కుమిలెను. మనకు నోరు మూసినవారు తమ జనులకైనను నిజము చెప్పుచుందురని మనలో ననేకులు తలచుచుండిరి. సొంత రాజధానిలోని పేదవాని శవమును సైతము వారు రహస్యము చేసిరి.

1946 డిసెంబరులో ఆ స్టేషనుకు రైళ్లు వచ్చెను. ఆ మెట్లచెంత తలక్రిందులుగా వ్రేలాడు మెట్లవరుసవలె నున్న స్మారకచిహ్నము పూర్తియగుటకు మాత్రము 2017 వరకు పట్టెను. అదియును ప్రధానముగా, బ్రదికి బయటపడినవారును మృతుల బంధువులును పూనుకొని చందాలు ప్రోగుచేయగా లేచినదే.