చక్రాలు కొనిచ్చాం, చోటేది?

ఈ వారం మా కాలనీ పార్కు గేటుకు కొత్త రేకు బోర్డు తగిలించారు. క్రికెట్ ఆడరాదు, సైకిల్ తొక్కరాదు, బంతి తేరాదు అన్న పాత జాబితా కింద ఎర్ర రంగుతో ఇంకో పంక్తి చేరింది: స్కేటింగ్, స్కేట్‌బోర్డింగ్ పూర్తిగా నిషేధం. ఇక ఆ పార్కులో పిల్లలు చేయగలిగింది ఒక్కటే. బెంచీల మీద కూర్చుని తమ బీపీ, షుగర్ల గురించి మాట్లాడుకోవాలి.

కారణమేమిటని సంఘం పెద్దల్లో ఒకాయన్ని అడిగాను. "పిల్లలకి దెబ్బలు తగుల్తాయమ్మా, రేపు ఏదైనా అయితే బాధ్యత ఎవరిది?" అన్నారు. సరిగ్గా ఆ గేటు పక్కనే మూత లేని మురుగు కాలవ ఉంది. ఏళ్లుగా ఉంది. దాని బాధ్యత ఎవరిదో ఎవరూ అడగలేదు, దాని ముందు ఏ రంగుతోనూ ఏ హెచ్చరికా రాయలేదు.

పార్కులోకి బోర్డులు తెచ్చేది నలుగురైదుగురు పిల్లలు. వాటిలో ఒకటి పొడుగు పలక, లాంగ్‌బోర్డు అంటారు. మామూలు స్కేట్‌బోర్డు గెంతులకీ విన్యాసాలకీ పనికొస్తే, ఇది దూరానికీ వేగానికీ. పలక పొడుగ్గా, కాస్త వంగేలా ఉంటుంది. చక్రాలు పెద్దవి, 70 మిల్లీమీటర్లకు అటూఇటూ ఉంటాయి, పైగా మెత్తన. వెనకటి బోర్డులకు మట్టి చక్రాలని పిలిచే గట్టి చక్రాలుండేవి. దారిలో గులకరాయి తగిలితే చక్రం ఆగిపోయేది, మనిషి మాత్రం ఆగేవాడు కాదు. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్దీ అనే కుర్రాడు వర్జీనియాలోని ఒక ప్లాస్టిక్ కర్మాగారంలో యూరెథేన్ చక్రాలు చూసి, వాటిని కాలిఫోర్నియా స్కేటర్ల కాళ్ల కిందికి తెచ్చాడు. నేలను పట్టుకునే చక్రం వచ్చాకే మనుషులు కొండల వైపు చూశారు. ఇప్పుడు ఘాట్ రోడ్ల మీద దిగడం ఒక పెద్ద క్రీడ. 2017లో కెనడాలోని క్యూబెక్‌లో పీట్ కొనోలీ అనే బ్రిటిష్ స్కేటర్ ఇలాంటి పలక మీద నిలబడి గంటకు 146.73 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు.

ఈ అంకె చదవగానే మా సంఘం పెద్ద "చూశారా, నేను చెప్పలేదూ?" అంటారని తెలుసు. అందుకే అసలు సంగతి చెప్పాలి. మా అక్క మనవడు సియాటిల్‌లో ఉంటాడు, సెలవుల్లో కొండలు దిగడం వాడి పిచ్చి. మొదటి రోజు ఎంత వేగంగా వెళ్లావురా అని అడిగితే నవ్వాడు. "మొదట నేర్పేది వెళ్లడం కాదు చిన్నమ్మమ్మా, ఆగడం" అన్నాడు.

ఈ బోర్డుకు బ్రేకు లేదు. ఆగడమే విద్య. వేగం ఓ మోస్తరుగా ఉంటే లేచి నిలబడి చేతులు చాచి గాలిని అడ్డం పెట్టుకుంటారు. ఇంకా తగ్గించాలంటే ఒక కాలు దించి బూటు అడుగును రోడ్డుకు రాస్తారు. మలుపు ముంచుకొస్తే బోర్డును అడ్డంగా తిప్పి చక్రాలను జారనిస్తారు. అప్పుడు ఒక చెయ్యి నేలకు ఆనాలి కాబట్టి గ్లౌజు అరచేతిలో గట్టి ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. పందెమైతే ముఖమంతా కప్పే హెల్మెట్, ఒంటికి తోలు సూటు లేనిదే ఎవర్నీ కొండ మీదికి రానివ్వరు. కొత్తగా కొనేవాడు పలక మీది బొమ్మ చూస్తాడు, బేరింగు డబ్బా మీద నాణ్యత అంకె ఎంత పెద్దదో చూస్తాడు. తెలిసినవాడు ముందు హెల్మెట్, గ్లౌజులు కొని, మిగిలిన డబ్బుతో చక్రాల గురించి ఆలోచిస్తాడు.

అయితే వాళ్లు ఎంత డబ్బు పోసినా కొనలేని సామాను ఒకటుంది. అది రోడ్డు. వాహనాలు రాని, గుంతలు లేని, మలుపు అవతల ఏముందో తెలిసిన రోడ్డు.

అలాంటిదొకటి వాషింగ్టన్ రాష్ట్రంలో, కొలంబియా నది ఒడ్డున ఉంది. మేరీహిల్ లూప్స్. శామ్ హిల్ అనే పెద్దమనిషి 1909లో మొదలుపెట్టి 1913 నాటికి పూర్తిచేశాడు. మంచి రోడ్లంటే ఆయనకు మతమంత పట్టుదల. ప్రభుత్వం ముందుకు రాకపోతే సొంత డబ్బు, దాదాపు లక్ష డాలర్లు ఖర్చుపెట్టాడు. ఏ పూత ఎంత కాలం నిలుస్తుందో తేల్చడానికి ఒకే రోడ్డు మీద ఏడు రకాల పూతలు వేసి చూశాడు. మూడున్నర మైళ్ల పైచిలుకు రోడ్డు, పాతిక మలుపులు. ఇప్పుడది ఆయన స్థాపించిన మ్యూజియం చేతిలో ఉంది. మామూలు రోజుల్లో నడిచేవాళ్లకీ సైకిళ్లకీ తెరిచి ఉంచుతారు. కార్లకు ప్రవేశం లేదు. లాంగ్‌బోర్డర్లు కొన్ని రోజులకు అద్దె కట్టి తీసుకుంటారు. కార్ల కోసం వేసిన రోడ్డు, నూరేళ్లు తిరిగేసరికి కార్లకు మూతపడి, నాలుగు చక్రాల పలకలకు తెరుచుకుంది. ఇంతకన్నా అందమైన ముగింపు ఒక రోడ్డుకు ఉంటుందనుకోను.

అక్కడి క్రమశిక్షణ గురించి మా అక్క మనవడు చెబుతుంటే మన ఆర్టీవో ఆఫీసులన్నీ గుర్తొచ్చాయి. మలుపుల దగ్గర జెండాలు పట్టుకుని మనుషులు నిలబడతారు. కింద ఎవరైనా పడితే జెండా లేస్తుంది, పైనుంచి వచ్చేవాళ్లు ఆగుతారు. జారిపోయే చోట గడ్డిమోపులు పేరుస్తారు. దిగినవాళ్లందరినీ లారీలో ఎక్కించి మళ్లీ పైకి చేరుస్తారు, ఆ లారీలోనే కొత్తవాళ్లకు పాతవాళ్లు పాఠాలు చెబుతారు. తాను ఎప్పుడు ఎటు తిరుగుతాడో ముందువాడు చేత్తో వెనకవాడికి చూపిస్తాడు. ట్రాఫిక్ ఉన్న ఘాట్ రోడ్ల మీద దిగే తుంటరులు ప్రపంచమంతటా ఉన్నారు, నేను వాళ్ల వకీలును కాను. మన తిరుమల ఘాట్‌లోనో అనంతగిరి ఘాట్‌లోనో ఎవరైనా పలక వేసుకుని దిగితే నేనే ముందు పోలీసులకు ఫోన్ చేస్తాను. కానీ ఆ తుంటరులు ఎక్కడ పుడతారు? చోటు లేని చోటే కదా.

నార్వే ఈ పరీక్ష రాసి తప్పింది. పిల్లలకు దెబ్బలు తగులుతాయని 1978లో స్కేట్‌బోర్డుల అమ్మకం, వాడకం రెండూ నిషేధించింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే అదే. పిల్లలు మానేశారా? బోర్డులు దొంగచాటుగా తెచ్చుకున్నారు, అడవుల్లో ర్యాంపులు కట్టుకున్నారు. పెద్దల కంటికి, ఆస్పత్రికి మరింత దూరంగా వెళ్లి ఆడుకున్నారు. 1989లో నిషేధం ఎత్తేశారు. మా కాలనీ సంఘానికి నార్వే సంగతి ఎవరైనా చెబితే బాగుణ్ణు.

చోటిస్తే ఏమవుతుందో చూడ్డానికి అంత దూరం వెళ్లక్కర్లేదు. మధ్యప్రదేశ్‌లో పన్నా దగ్గర జన్‌వార్ అనే పల్లె ఉంది. 2015లో ఉల్రికే రైన్‌హార్డ్ అనే జర్మన్ మహిళ అక్కడ సిమెంటుతో స్కేట్‌పార్కు కట్టించింది. బడికి రాకపోతే బోర్డు లేదు, ఆడపిల్లలది మొదటి వంతు అని నియమాలు పెట్టింది. కులాల గీతలు గట్టిగా ఉన్న ఊళ్లో పిల్లలు ఒకరి బోర్డు ఒకరు పట్టుకుని తిరిగారు. ఆ పల్లె నుంచి ఆశా గోండ్ అనే అమ్మాయి 2018లో చైనాలో ప్రపంచ పోటీలకు వెళ్లింది. మహాబలిపురంలో చేపలు అమ్ముకునే అమ్మ పెంచిన కమలి గౌను వేసుకుని, చెప్పులు లేని కాళ్లతో ర్యాంపు దిగింది. ఆమె కథతో తీసిన చిన్న సినిమా బాఫ్టా నామినేషన్ దాకా పోయింది. జన్‌వార్ పిల్లలకు గానీ కమలికి గానీ ముందు దొరికింది కాస్త నున్నటి సిమెంటు నేల. మిగిలినవన్నీ దాని మీద నడిచి వచ్చాయి.

ఇక నా పాత పాట అందుకుంటాను, సంపాదకులు క్షమించాలి. ఫుట్‌పాత్. పార్కులో వద్దన్న పిల్లవాడు బోర్డు చంకన పెట్టుకుని ఎక్కడికి పోతాడు? ఫుట్‌పాత్ మీదికి పోదామంటే అక్కడ ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన టిఫిన్ బండి, ఆ పక్కన రెండు బుల్లెట్లు, చివర ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ. దిగితే రోడ్డు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో నడిచి పోతున్నవాళ్లే 32,825 మంది. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది. ఈ లెక్కల్లో స్కేట్‌బోర్డు కోసం ప్రత్యేకంగా ఒక గడి కూడా లేదు. పిల్లల భద్రత గురించి నాకు క్లాసు తీసుకున్న ఆ పెద్దమనిషి, మాట పూర్తవగానే మనవణ్ణి స్కూటీ ముందు నిలబెట్టుకుని, హెల్మెట్‌ను హ్యాండిల్‌కు తగిలించుకుని వెళ్లిపోయారు. చౌరస్తాలో పోలీసు కనిపిస్తే నెత్తికెక్కుతుంది, చౌరస్తా దాటితే మళ్లీ హ్యాండిల్‌కు దిగుతుంది. పాతికేళ్ల స్కేటర్ కుర్రాడికి ఉన్న బుద్ధి అరవై ఏళ్ల మనకు లేదని చెప్పడానికి ఇంకేం రుజువు కావాలి?

హెల్మెట్ల కోపంతో ఇంకో మాట కూడా అనేస్తాను. మన దగ్గర స్కేటింగ్‌కు ఆదరణ లేదనడం అబద్ధం. ఉంది, కానీ పత్రికలో ఫొటో వేయించుకునే రకం ఉంది. వరసగా కార్లు నిలబెట్టి, ఐదేళ్ల పాపను నేలబారుగా వంచి, వాటి కింద నుంచి పంపి ఏదో రికార్డు పుస్తకంలో పేరెక్కిస్తాం. అమ్మానాన్నలు కన్నీళ్లు పెట్టుకుంటారు, ఎమ్మెల్యే శాలువా కప్పుతారు. ఆ పాపకు కార్ల కింద చోటు దొరికింది, పార్కులో మాత్రం దొరకదు. హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్య పతకాలు తెచ్చాడు, ఆ తరవాత అర్జున అవార్డూ వచ్చింది. ఆ మర్నాటి నుంచి ఎన్ని పేటల్లో రింకులు కట్టాం? సర్టిఫికెట్ ఇచ్చే ఆటకే విలువ, సర్టిఫికెట్ లేని ఆట అల్లరి అనే లెక్క పోనంతవరకూ మన పిల్లలకు ఆడుకోవడం రాదు, పోటీ పడడమే వస్తుంది.

పోటీలోనూ ఆట ఎలా మిగులుతుందో టోక్యో ఒలింపిక్స్‌లో చూశాం. మహిళల పార్క్ స్కేట్‌బోర్డింగ్ ఫైనల్లో పతకం ఖాయమనుకున్న పదిహేనేళ్ల మిసుగు ఒకామోటో చివరి ప్రయత్నంలో పడిపోయి, నాలుగో స్థానంతో ఏడుస్తూ బయటికొచ్చింది. ఆమెతో పోటీపడిన అమ్మాయిలే పరిగెత్తుకొచ్చి ఆమెను భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఏ కోచింగ్ సెంటరు నేర్పగలదు అది? ఒకే ర్యాంపు మీద వంతులు వేసుకుని పెరిగితే వచ్చే గుణం.

విశాఖలో తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కొంత మేర వాహనాలు ఆపుతున్నారు. నడిచేవాళ్ల కోసం చేసిన ఆ పని వల్ల ఊరేం మునిగిపోలేదు, ఎవరి ఆఫీసూ ఆలస్యం కాలేదు. అదే పని ప్రతి వార్డులో ఒక వీధికి, ఆదివారం పొద్దున రెండు గంటలు చేస్తే చాలు. వీధికి రెండు చివరలా రెండు బారికేడ్లు, ఒక హోంగార్డు. హెల్మెట్ లేని పిల్లలను లోపలికి రానివ్వకండి, ఆ నియమానికి మొదటి ఓటు నాదే. స్కేట్‌పార్కు కట్టడానికి టెండర్లు, అంచనాలు, శంకుస్థాపనలు కావాలి. బారికేడ్ అడ్డం పెట్టడానికి ఏమీ అక్కర్లేదు.

మా సంఘం వచ్చే నెల సర్వసభ్య సమావేశం పెడుతోంది. నేను వెళ్తున్నాను. ఎజెండాలో రెండు అంశాలు చేర్చమని రాసిచ్చాను. ఎర్ర పంక్తి చెరపడం రెండోది. కాలవకు మూత వెయ్యడం మొదటిది.