జనాజా కొడితే జనాభా!

“ఏ కీబోర్డు అయితే ఏముంది భాయ్, అక్షరాలు పడితే చాలదా?” అంటాడు మా దోస్త్. చాలదు. ఎందుకు చాలదో అబ్బాజాన్ ఇంతెకాల్ అయ్యాక నాకు తెలిసొచ్చింది.

ఆయన గురించి రాస్తూ ‘జనాజా’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. తెర మీద ‘జనాభా’ అని పడింది. దిద్దాను. మళ్లీ జనాభానే! జిందగీ అంతా మెహనత్ చేసి పోయిన మనిషి ఆఖరి సఫర్‌ని కూడా ఆ సాఫ్ట్‌వేర్ తలల లెక్కలో కలిపేసింది. నా మాట దానికి మాట కాదు, గల్తీ. ఆ రాత్రే ఒట్టు పెట్టుకున్నాను: నాకూ నా జబాన్‌కూ మధ్య ఈ దలాల్ వద్దు.

క్వర్టీ వరుస 1870లలో అమెరికా టైపురైటర్ కోసం పుట్టింది. దాంతో నాకు దుష్మనీ లేదు. ఇంగ్లీషు రాయడానికి శుభ్రంగా వాడుకోండి. కానీ తెలుగు రాసేటప్పుడు ప్రతి అక్షరాన్నీ మనసులో ఇంగ్లీషులోకి తర్జుమా చేసుకునే గులామీ ఎందుకు?

ఇన్‌స్క్రిప్ట్ ఉంది కదా! 1991 నాటి భారత ప్రమాణాల్లోనే ఉంది. విండోస్‌లో, లినక్స్‌లో ముఫ్త్‌గా దొరుకుతుంది. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతికి. కె మీట మీద క, షిఫ్ట్ పట్టుకుంటే ఖ. ‘కలం’ రాయాలంటే ఇంగ్లీషు అక్షరాల దారిలో ఐదు మీటలు, ఇక్కడ మూడే: క, ల, సున్నా.

నేర్చుకోవడం తక్లీఫ్ అంటారు. నిజమే, మొదటి నెల నాదీ చీమ నడకే. అలిఫ్, బే దిద్దినప్పుడు పడలేదా ఆ తక్లీఫ్?

ఇక దుకాణంలో రంగురంగుల లైట్లు చూపిస్తారు. మీరు మాత్రం కుడి చివర చూడండి. మన చ, ట, డ ఉండేది సెమికోలన్, కొటేషన్, బ్రాకెట్ మీటల మీద. కొన్ని చిన్న కీబోర్డుల్లో కుదించేదీ, పక్కకు నెట్టేదీ ఆ మూల మీటలనే. ఇంగ్లీషుకు అవి ఎప్పుడో ఒకసారి అవసరమయ్యే గుర్తులు, మనకు నిండు అక్షరాలు. షిఫ్ట్ రెండు వైపులా పొడవుగా ఉండాలి. ఖత్, ఫకీర్, ఇన్సాఫ్ రాసేవాళ్లకు అది లేకపోతే చిటికెన వేలు లాగేస్తుంది. ఎఫ్, జె మీటల మీద ఉబ్బు గీత వేలికి తగలాలి. అప్పుడే కళ్లు తెర మీద ఉంటాయి. ఇవన్నీ ఉంటే సస్తా కీబోర్డు చాలు.

ఇప్పుడు నేను జ, న, దీర్ఘం, జ, దీర్ఘం కొడతాను. ఐదు మీటలు. జనాజా అనే పడుతుంది. ఎవరి ఇజాజత్ అక్కర్లేదు.