హిందూపురం, పెనుకొండ, ధర్మవరం: ఏడాదిన్నర కూటమి పాలనకు జనం వేసే మార్కులెన్ని?

ఏపీలో కూటమి సర్కార్ కొలువుదీరి ఏడాదిన్నర అయింది. 2024 జూన్ 12న చంద్రబాబు సీఎంగా ప్రమాణం చేశారు. 175 సీట్లలో కూటమికి 164 వచ్చాయి. టీడీపీ 135, జనసేన 21, బీజేపీ 8. వైసీపీ 11 సీట్లకే పరిమితమైంది. శ్రీసత్యసాయి జిల్లాలో అయితే ఆరుకి ఆరూ కూటమి ఖాతాలోనే పడ్డాయి.

సీట్ల లెక్క చూస్తే వన్‌సైడ్. ఓట్ల లెక్క చూస్తే సీన్ వేరు. అంత ఘోరంగా ఓడిన వైసీపీకీ రాష్ట్రవ్యాప్తంగా 40 శాతానికి దగ్గరగా ఓట్లు పడ్డాయి. అంటే ప్రతి ఐదుగురిలో ఇద్దరు అప్పుడు కూడా పాత ప్రభుత్వం వైపే నిలబడ్డారు. అందుకే ఇప్పుడు జనం ఏమనుకుంటున్నారన్నది కూటమికి చిన్న ప్రశ్నేం కాదు.

ఈ ప్రశ్నకు సమాధానం వెతకాలంటే శ్రీసత్యసాయి జిల్లాలోని మూడు నియోజకవర్గాలు చూస్తే చాలు. హిందూపురంలో సినీ హీరో నందమూరి బాలకృష్ణ ఎమ్మెల్యే. పెనుకొండ నుంచి గెలిచిన సవిత బీసీ సంక్షేమం, చేనేత జౌళి శాఖల మంత్రి. ధర్మవరం నుంచి గెలిచిన సత్యకుమార్ యాదవ్ వైద్యారోగ్య మంత్రి, కేబినెట్‌లో బీజేపీకి ఉన్న ఒకే ఒక్క మంత్రి. ఒకే జిల్లా, ఒకే ప్రభుత్వం. కానీ ఊరు మారితే కొలబద్ద మారిపోతోంది.

మెజారిటీలు చెప్పే కథ

2024లో బాలకృష్ణ మెజారిటీ 32,597. సవిత మెజారిటీ 33,388. సత్యకుమార్ గెలిచింది మాత్రం 3,734 ఓట్లతో. మొదటి ఇద్దరికీ కాస్త వ్యతిరేకత వచ్చినా తట్టుకునే చోటుంది. ధర్మవరంలో ఆ వెసులుబాటు లేదు. రెండు వేల మంది మనసు మార్చుకుంటే ఫలితం తారుమారే.

హిందూపురం: అభిమానం ఒకటి, ఆశ ఇంకొకటి

హిందూపురం 1983 నుంచి టీడీపీ చేయి దాటలేదు. ఎన్టీఆర్ ఇక్కడి నుంచి వరుసగా మూడుసార్లు గెలిచారు. హరికృష్ణ కూడా ఇక్కడి నుంచే అసెంబ్లీకి వెళ్లారు. 2019లో రాష్ట్రమంతా వైసీపీ గాలి వీచి టీడీపీ 23 సీట్లకు పడిపోయినప్పుడు కూడా బాలకృష్ణ మెజారిటీ తగ్గలేదు సరికదా 16,196 నుంచి 18,028కి పెరిగింది. ఇప్పుడు హ్యాట్రిక్. మధ్యలో పద్మభూషణ్ కూడా వచ్చింది.

మరి ఇక్కడ ప్రజాభిప్రాయం కొలవాల్సిన అవసరమేముంది? ఉంది. ఎందుకంటే ఓటు వేసినంత మాత్రాన తృప్తిగా ఉన్నారని కాదు. 2021 మున్సిపల్ ఎన్నికల్లో ఇదే హిందూపురం పట్టణం వైసీపీకి పట్టం కట్టింది. 2025 ఫిబ్రవరిలో చైర్మన్ పీఠం టీడీపీకి దక్కింది కానీ అది కౌన్సిలర్ల ఓట్లతో. జనం ఓట్లతో కాదు.

అసలు కోరిక జిల్లా కేంద్రం. 2022లో కొత్త జిల్లాలు పెట్టినప్పుడు కేంద్రం పుట్టపర్తికి వెళ్లిపోయింది. హిందూపురాన్నే జిల్లా కేంద్రం చేయాలని అప్పట్లో ప్రతిపక్షంలో ఉన్న బాలకృష్ణ స్వయంగా రోడ్డెక్కారు. ఇప్పుడు అధికారం సొంత పార్టీదే, ముఖ్యమంత్రి సొంత బావే. 2025 నవంబరులో సీఎం ఓకే చెప్పిన ప్రతిపాదనల్లో మదనపల్లె, మార్కాపురం కొత్త జిల్లాలయ్యాయి. పక్కనే ఉన్న మడకశిరకు రెవెన్యూ డివిజన్ హోదా దక్కింది. హిందూపురం ఊసు మాత్రం రాలేదు. ప్రతిపక్షంలో ఉండగా అడిగిన మాటను అధికారంలో ఉండగా ఎందుకు సాధించలేదన్న ప్రశ్న ఇప్పుడు గట్టిగానే వినిపించే అవకాశం ఉంది.

దీనికి తోడు వివాదాలు. సెప్టెంబరులో అసెంబ్లీలో జగన్, చిరంజీవి ప్రస్తావనతో బాలకృష్ణ చేసిన వ్యాఖ్యలు రాష్ట్రమంతా చర్చకు దారితీశాయి. నవంబరులో హిందూపురంలో వైసీపీ కార్యాలయంపై దాడి జరిగింది. ఇలాంటివి పార్టీల మధ్య వేడి పెంచుతాయి. ఊరి పని మాత్రం ఒక్క అంగుళం ముందుకు జరగదు.

ఉద్యోగాల సంగతీ అంతే. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో వైఎస్ హయాంలో 8 వేల ఎకరాలకు పైగా సేకరించారు. భూములు పోయాయి, కంపెనీలు రాలేదు. 2025 జూలైలో దేవనహళ్లిలో ఏరోస్పేస్ పార్కు భూసేకరణను కర్ణాటక విరమించుకోగానే మంత్రి లోకేశ్ రంగంలోకి దిగారు. బెంగళూరు పక్కనే 8 వేల ఎకరాలు రెడీగా ఉన్నాయి, రండి అని ఎక్స్‌లో పిలుపిచ్చారు. లేపాక్షి, మడకశిర ప్రాంతాన్ని డిఫెన్స్, ఏరోస్పేస్ హబ్‌గా చేస్తామంటోంది ప్రభుత్వం. భూమి ఇచ్చి పదిహేనేళ్లకు పైగా ఎదురుచూసిన ఊళ్లకు ప్రకటన కొత్త కాదు. ఫ్యాక్టరీ గేటు తెరుచుకుంటేనే కొత్త.

పెనుకొండ: కియా నేర్పిన పాఠం

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ కోసం 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. 2019 జనవరిలో తొలి కారును చంద్రబాబే బయటకు తెచ్చారు. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం. అనంతపురం చరిత్రలో ఇంత పెద్ద పరిశ్రమ ముందెన్నడూ రాలేదు. కానీ నాలుగు నెలలు తిరక్కుండానే జరిగిన ఎన్నికల్లో పెనుకొండలో టీడీపీ ఓడిపోయింది. అప్పటి అభ్యర్థి బీకే పార్థసారథి. ఇప్పుడు ఆయన హిందూపురం ఎంపీ.

ఇందులో పాఠం ఏంటంటే, పెద్ద ఫ్యాక్టరీ వచ్చినంత మాత్రాన ఓట్లు వాటంతట అవి రావు. మా ఊరి పిల్లోడికి అందులో పర్మినెంట్ ఉద్యోగం వచ్చిందా, కాంట్రాక్టు కింద పెట్టారా, లేక గేటు బయటే ఆపేశారా? సామాన్యుడు అడిగేది ఇదే. పెట్టుబడుల ఒప్పందాలపైనే ప్రచారం నడుపుతున్న ప్రభుత్వం ఈ పాఠం మర్చిపోతే కష్టం.

ఇక్కడ ఇప్పుడు నలుగుతున్న విషయం మెడికల్ కాలేజీ. జగన్ హయాంలో మొదలుపెట్టిన 17 కాలేజీల్లో పెనుకొండ ఒకటి. వీటిలో పదింటిని పీపీపీ పద్ధతిలో కట్టి నడపాలని కూటమి ప్రభుత్వం 2025 సెప్టెంబరులో నిర్ణయించింది. ఆ పదిలో పెనుకొండ కూడా ఉంది. బడ్జెట్ డబ్బులతోనే కట్టాలంటే ఏళ్లు పడుతుంది, పీపీపీ అయితే త్వరగా పూర్తవుతుంది, యాజమాన్యం ప్రభుత్వానిదే అన్నది సర్కార్ వాదన. ఇది ప్రైవేటుకు కట్టబెట్టడమే అంటూ వైసీపీ కోటి సంతకాల సేకరణ చేపట్టింది.

ఇక్కడే విచిత్రం. కాలేజీ పెనుకొండలో. అక్కడి ఎమ్మెల్యే మంత్రి. ఆ శాఖ చూసే మంత్రి పక్కనే ఉన్న ధర్మవరం ఎమ్మెల్యే. కాబట్టి నిర్ణయం అమరావతిలో జరిగిందని తప్పించుకునే వీలు ఇద్దరికీ లేదు. పెద్ద జబ్బు చేస్తే అనంతపురమో, బెంగళూరో పరుగెత్తే జనానికి పీపీపీనా, ప్రభుత్వమా అన్నది రెండో ప్రశ్న. ఓపీ చీటీకి డబ్బులు కట్టాలా వద్దా, మంచం ఎప్పుడు దొరుకుతుంది అన్నదే మొదటి ప్రశ్న. దీనికి తేదీతో సహా జవాబు చెప్పినవాళ్లే ఈ వాదనలో గెలుస్తారు.

ధర్మవరం: మగ్గం లెక్క

ధర్మవరంలో ప్రజాభిప్రాయం గురించి మాట్లాడితే కేతిరెడ్డి వెంకటరామిరెడ్డి పేరు రాకుండా ఉండదు. ‘గుడ్ మార్నింగ్ ధర్మవరం’ అంటూ ఉదయాన్నే వీధుల్లో తిరిగిన ఎమ్మెల్యేగా సోషల్ మీడియాలో రాష్ట్రం దాటి పేరొచ్చింది. అయినా 2024లో ఓడిపోయారు. వ్యూస్ వేరు, ఓట్లు వేరు అని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. అయితే అంత గాలిలోనూ ఆయన ఓడింది 3,734 ఓట్లతోనే. ఆ తిరుగుడుకు విలువే లేదనడానికీ లేదు. ఇప్పుడు సత్యకుమార్‌ను జనం పోల్చేది ఆ ఉదయపు పలకరింపులతోనే. రాష్ట్రమంతా ఆసుపత్రులు చూసుకోవాల్సిన మంత్రికి ఇది కష్టమైన పోలిక.

పైగా ఇక్కడ కూటమిలోనే లుకలుకలు. టీడీపీ ఇన్‌చార్జి పరిటాల శ్రీరామ్. మున్సిపల్ కమిషనర్ నియామకం విషయంలో 2024లోనే రెండు పార్టీల మధ్య విభేదాలు రోడ్డున పడ్డాయి. పనికోసం ఎవరి దగ్గరికి వెళ్లాలన్న అయోమయం కార్యకర్తలకే ఉంటే, సామాన్యుడి సంగతి చెప్పక్కర్లేదు.

అయినా ధర్మవరంలో అసలు తీర్పు చెప్పేది మగ్గాలే. జగన్ నేతన్న నేస్తం పథకాన్ని 2019 డిసెంబరు 21న ప్రారంభించింది ఇదే ఊళ్లో. సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24 వేలు ఖాతాలో పడేవి. కూలికి నేసేవారికి ఆ పథకం వర్తించలేదన్న అసంతృప్తి అప్పట్లో ఉండేది. కూటమి రూటు మార్చింది. చేనేత పింఛన్ 4 వేలకు చేరింది. 2025 ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం రోజు మగ్గాలున్న ఇళ్లకు నెలకు 200 యూనిట్లు, పవర్‌లూమ్‌లకు 500 యూనిట్ల ఉచిత విద్యుత్ ప్రకటించారు. చేనేతపై జీఎస్టీ భారం ప్రభుత్వమే భరిస్తుందన్నారు. నేతన్న భరోసా కింద ఏడాదికి 25 వేలు ఇస్తామన్న హామీ కూడా ఉంది.

ఇక్కడో మెలిక ఉంది. గుంత మగ్గం కరెంటుతో నడవదు. ఉచిత విద్యుత్ వల్ల ఇంటి బిల్లు తగ్గుతుంది, నేత ఖర్చు తగ్గదు. మరోవైపు పట్టుచీర డిజైన్లను పవర్‌లూమ్‌లు కాపీ కొట్టి తక్కువ ధరకు అమ్మేస్తున్నాయన్నది చేనేత కార్మికుల ఏళ్ల నాటి గోడు. ఆ పవర్‌లూమ్‌లకే 500 యూనిట్లు ఫ్రీ. ఒకే చేత్తో ఇద్దరికీ సాయం చేస్తే, వెనకబడినవాడు వెనకే ఉండిపోతాడు. ఖాతాలో 24 వేలు పడిన జ్ఞాపకం ఇంకా తాజాగా ఉంది కాబట్టి, భరోసా డబ్బు ఎంత ఆలస్యమైతే పోలిక అంత ఘాటుగా ఉంటుంది.

అందరికీ కామన్: సూపర్ సిక్స్

ఈ మూడు ఊళ్లకూ ఉమ్మడిగా ఉన్నవి సంక్షేమ పథకాలు. 2024 జూలై 1న పింఛన్ బకాయిలతో కలిపి 7 వేలు ఇవ్వడంతో ప్రభుత్వం మంచి మార్కులతోనే మొదలైంది. 2025 జూన్‌లో తల్లికి వందనం, ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ, ఆగస్టు 15న మహిళలకు ఉచిత బస్సు వచ్చాయి. మెగా డీఎస్సీలో దాదాపు 16 వేల మంది టీచర్లయ్యారు. సెప్టెంబరు 10న అనంతపురంలోనే ‘సూపర్ సిక్స్ - సూపర్ హిట్’ సభ పెట్టారు. నిరుద్యోగులకు నెలకు 3 వేలు, మహిళలకు నెలకు 1,500 హామీలను మాత్రం వైసీపీ పదేపదే గుర్తుచేస్తోంది.

సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కు. హిందూపురం వాళ్లకు పని, వైద్యం, వ్యాపారం అన్నీ బెంగళూరు వైపే. ఉచిత బస్సు అంతర్రాష్ట్ర సర్వీసులకు వర్తించదు. రోజూ వెళ్లే దారిలోనే టికెట్ కొనాల్సి వస్తే, పథకం మంచిదే కానీ మనది కాదన్న భావన వస్తుంది.

నీళ్ల విషయంలో సర్కార్‌కు చెప్పుకోవడానికి గట్టి పనే ఉంది. హంద్రీనీవా మొదటి దశ కాలువను 3,850 క్యూసెక్కులకు వెడల్పు చేసి 2025 జూలై 17న మల్యాల దగ్గర సీఎం నీళ్లు వదిలారు. గొల్లపల్లి రిజర్వాయర్, మడకశిర బ్రాంచి కెనాల్ మీద ఆధారపడ్డ ఈ ప్రాంతానికి అది నిజంగా పెద్ద మార్పు. అయితే కాలువలో నీళ్లు కనిపిస్తే సరిపోదు, చివరి చెరువు నిండాలి.

పరీక్ష దగ్గర్లోనే

ప్రజాభిప్రాయం కోసం ప్రభుత్వం ఐవీఆర్ఎస్ కాల్స్ చేయిస్తోంది. జూలైలో ‘సుపరిపాలనలో తొలి అడుగు’ అంటూ ఎమ్మెల్యేలను ఇంటింటికీ పంపింది. అదే సమయంలో వైసీపీ క్యూఆర్ కోడ్ పట్టుకుని మేనిఫెస్టో గుర్తుచేసే కార్యక్రమం నడిపింది. ఒకరు ఫోన్‌లో అడిగితే మంచి జవాబు, ఇంకొకరు గుమ్మంలో అడిగితే ఫిర్యాదు. రెండూ నిజమే, రెండూ సగమే. ప్రభుత్వం నుంచి ఫోన్ వస్తే పింఛన్ తీసుకునే అవ్వ బాగాలేదని చెప్తుందా?

అసలు జవాబు బ్యాలెట్ దగ్గరే తేలుతుంది. 2021లో ఎన్నికైన మున్సిపల్ పాలకవర్గాల గడువు 2026 మార్చితో, పంచాయతీల గడువు ఏప్రిల్‌తో ముగుస్తోంది. ఆ తర్వాత జరిగే స్థానిక ఎన్నికలే కూటమికి తొలి లిఖిత పరీక్ష.

హిందూపురంలో అభిమానం, పెనుకొండలో ఫ్యాక్టరీ, ధర్మవరంలో ప్రచారం.. వీటిలో ఏ ఒక్కటీ గతంలో పూర్తి గ్యారంటీ ఇవ్వలేదు. కౌన్సిల్, ఎమ్మెల్యే సీటు ఏదైనా, జనం ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి తీసుకున్నారు. ఏడాదిన్నరకు వచ్చిన మార్కులు ఫెయిల్ అనేంత తక్కువా కావు, ఫస్ట్ క్లాస్ అనేంత ఎక్కువా కావు. మెడికల్ కాలేజీకి తేదీ, నేతన్నకు డబ్బు, లేపాక్షి భూముల్లో ఒక్క ఫ్యాక్టరీ.. ఈ మూడింటిలో ఏది ముందు కనిపిస్తుందన్నదాన్ని బట్టే మిగిలిన మార్కులు పడతాయి.