మలుపులో వెనుక చక్రం

దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి.ని ఆనుకొని ఉన్న జియా సరాయ్ ఇరుకు సందులు మన ఇంజనీర్లలో పలువురికి సుపరిచితములే. గేట్, ఐ.ఇ.ఎస్. పరీక్షల నిమిత్తం తెలుగునాటి నుండి వెళ్ళి, అక్కడి అద్దె గదులలో యంత్రచలన సూత్రాలను వల్లెవేసినవారు తక్కువేమీ కాదు. స్పోర్ట్స్ కారు మలుపులో నిలకడగా ఉండాలంటే వెనుక సస్పెన్షన్‌ను ఏమి చేయాలని అడిగితే, మరింత గట్టి స్ప్రింగు వేయాలని తోచడం సహజం. ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ విషయంలో జరిగినది ఇందుకు విరుద్ధం.

1962లో బ్రిటన్‌లో వెలువడిన ఈ చిన్న కారుకు వెనుక అమరిక హెరాల్డ్ నుండి సంక్రమించింది. ఆ హెరాల్డ్‌నే మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు కూడా నిర్మించారు. పెద్దలకు గుర్తుండే ఉంటుంది. డిఫరెన్షియల్‌పై అడ్డంగా ఒక కమాను కట్ట. దాని కొసలకు చక్రాలు. చక్రమూ ఇరుసూ కలిసి డిఫరెన్షియల్ వద్ద కీలుపై ఊగుతాయి. మలుపులో వేగంగా పోతున్న చోదకుడు బెదిరి యాక్సిలరేటర్‌పై నుండి కాలు తీశాడనుకుందాం. వెనుక భాగం పైకి లేస్తుంది. బయటివైపు చక్రం అడుగుభాగం లోపలికి ముడుచుకొని, టైరు అంచుమీద నిలుస్తుంది. పట్టు తప్పి కారు గిర్రున తిరుగుతుంది. ప్రాణభయంతో చేసిన పనే ప్రాణం మీదికి తెచ్చే అమరిక ఇది.

1968లో దీని అన్నవంటి జి.టి.6 కారుకు క్రింద విష్‌బోన్‌లు, ఇరుసులకు రబ్బరు జాయింట్లు అమర్చారు. గుణం కనిపించింది, ఖర్చూ పెరిగింది. 1970 నాటి స్పిట్‌ఫైర్ మార్క్ 4లో చేసిన మార్పు చౌకైనది, నా దృష్టిలో తెలివైనది కూడా. కమాను కట్టలో ఒక ఆకు మినహా తక్కినవాటిని బిగించక, మధ్యలో కీలుపై ఊగనిచ్చారు. బరువు మోసే శక్తి అలాగే ఉంది. కారు ఒరిగినపుడు ఎదిరించే బిగువు మాత్రం వెనుక బాగా తగ్గింది. ఆ బాధ్యతను ముందున్న యాంటీ రోల్ బార్‌ను లావుచేసి దానికి అప్పగించారు. వెనుక చక్రాలు మునుపటంతగా ముడుచుకోవడం మానాయి.

మద్రాసువారు మరొక దారి పట్టారు. 1972 నాటి గజెల్‌లో ఊగే ఇరుసులను విడిచి, ఏకఖండమైన ఇరుసు వేశారు. పందెపు కార్ల అభిమానులు పెదవి విరవవచ్చు గాని, చక్రాలు రెండూ నిటారుగా నిలిచాయి.