సగం ధర మనుషులు

గత భాగం సెప్టిక్ ట్యాంకుల కాంట్రాక్టుల మీద రాశాను. మనిషి చనిపోతే మున్సిపాలిటీ కాంట్రాక్టర్‌ను చూపిస్తుంది. కాంట్రాక్టర్ సబ్ కాంట్రాక్టర్‌ను చూపిస్తాడు. సబ్ కాంట్రాక్టర్ మేస్త్రీని చూపిస్తాడు. మేస్త్రీ ఫోన్ స్విచాఫ్. అది చదివి ఒక పీజీ విద్యార్థి అడిగాడు: "అన్నా, మన దగ్గర కులం ఉంది కాబట్టి ఇట్లా ఉంది. కులం లేని చోట, డబ్బుకు కొదవ లేని చోట, చట్టం గట్టిగా ఉన్న చోట కూడా కాంట్రాక్టు ఇట్లాగే పనిచేస్తుందా?"

మంచి ప్రశ్న. జవాబు కోసం డబ్బుకు అస్సలు కొదవ లేని సంస్థ దగ్గరికే పోదాం. అమెరికా సైన్యం. తన దేశం బయట పెట్టుకున్న స్థావరాల్లో పుట్టిన విషపు చెత్తను ఆ సైన్యం ఎవరికి అప్పజెప్పింది, వాళ్లు ఏం చేశారు, రోగం ఎవరికి వచ్చింది, పరిహారం ఎవరికి దక్కింది అన్నదే ఈ భాగం.

సైనిక స్థావరం అంటే మనకు తుపాకులు, విమానాలు గుర్తొస్తాయి. కానీ అదొక పట్నం. వేల మంది తింటారు, స్నానాలు చేస్తారు, జబ్బు పడతారు. వంటశాల ఉంటుంది, ఆసుపత్రి ఉంటుంది, బండ్లు బాగుచేసే షెడ్లు ఉంటాయి. రోజూ ప్లాస్టిక్ సీసాలు, థర్మాకోల్ ప్లేట్లు, బ్యాటరీలు, టైర్లు, పెయింటు డబ్బాలు, వాడేసిన ఆయిల్, ఆసుపత్రి కట్లు కుప్ప పడతాయి. బాగ్దాద్‌కు ఉత్తరాన బలాద్ అనే చోట ఉన్న స్థావరంలో ఈ చెత్త కోసం దాదాపు 10 ఎకరాల కాల్చే గుంత ఉండేది. బర్న్ పిట్ అంటారు. 2007లో అక్కడ రోజుకు 100 నుంచి 200 టన్నుల చెత్త కాల్చారు. మంట ఆరిపోకుండా విమాన ఇంధనం పోసేవాళ్లు. జవహర్‌నగర్ డంపింగ్ యార్డ్ పక్కన బతికే వాళ్లకు ఆ వాసన గురించి నేను వివరించాల్సిన పని లేదు.

ఇది తెలియక జరిగింది కాదు. 2006 డిసెంబర్‌లోనే, బలాద్‌లో పనిచేసిన వైమానిక దళ ఇంజినీర్ డారిన్ కర్టిస్ ఈ గుంత ఆరోగ్యానికి ప్రమాదమని పై అధికారులకు కాగితం మీద రాశాడు. బలాద్ గుంత మూతపడింది 2009 అక్టోబర్‌లో. ప్రమాదకరమైన చెత్తను, ఆసుపత్రి చెత్తను బహిరంగంగా కాల్చొద్దని, వేరే దారి లేకపోతే తప్ప, అమెరికా పార్లమెంటు చట్టం చేసింది కూడా ఆ ఏడాదే. మరి ఆ తర్వాత ఆగిందా? 2010 ఆగస్టు నాటికి అఫ్ఘానిస్తాన్‌లో 251, ఇరాక్‌లో 22 కాల్చే గుంతలు నడుస్తున్నాయని వాళ్ల ప్రభుత్వ ఆడిట్ సంస్థే లెక్క చెప్పింది. ఆడిటర్లు ఇరాక్‌లో నాలుగు స్థావరాలకు వెళ్లి చూస్తే ఒక్కచోట కూడా నిబంధనలు పూర్తిగా పాటించడం లేదు.

"యుద్ధం మధ్యలో చెత్త బండి వస్తుందా, ఎక్కడ పారేస్తారు మరి?" అనే మాట వింటూ ఉంటాం. సరే అనుకుందాం. మొదటి నెలల్లో దారి లేదు, ఒప్పుకుందాం. కానీ అఫ్ఘానిస్తాన్‌లో చెత్త కాల్చే 39 యంత్రాల కోసం కనీసం 8 కోట్ల 19 లక్షల డాలర్లు ఖర్చు చేశారని, అందులో 8 యంత్రాలను ఒక్కసారి కూడా వాడలేదని అక్కడి ఖర్చులు తనిఖీ చేసే ప్రత్యేక అధికారి 2015లో తేల్చాడు. అంటే డబ్బు ఉంది, యంత్రం వచ్చింది, బిల్లు చెల్లింది. పొగ మాత్రం గుంతలోంచే లేచింది.

ఇప్పుడు కాంట్రాక్టు దగ్గరికి వద్దాం. ఇరాక్‌లో వంట, నీళ్లు, బట్టలు ఉతకడం, చెత్త అన్నీ కలిపిన పెద్ద కాంట్రాక్టు కేబీఆర్ అనే కంపెనీది. 2001 చివర్లో దక్కించుకుంది, మొత్తం 30 బిలియన్ డాలర్లు దాటింది. అది ఖర్చు మీద ఫీజు ఇచ్చే రకం కాంట్రాక్టు. అయిన ఖర్చు ప్రభుత్వం తిరిగి ఇస్తుంది, దాని మీద ఫీజు కూడా ఇస్తుంది. కంపెనీ కింద సబ్ కాంట్రాక్టర్లు, వాళ్ల కింద కూలీలను సరఫరా చేసేవాళ్లు, వాళ్ల కింద ఏజెంట్లు. డబ్బు పైనుంచి కిందికి దిగుతూ ప్రతి మెట్టు దగ్గర కొంచెం ఆగిపోతుంది. విషం మాత్రం ఎక్కడా ఆగకుండా అడుగుకు చేరుతుంది.

జబ్బు పడ్డ సైనికులు, కాంట్రాక్టు ఉద్యోగులు, వాళ్ల కుటుంబాలు కోర్టుకు పోయారు. 60కి పైగా కేసులను ఒక్కచోట కలిపి విన్నారు. కంపెనీ వాదన ఏమిటంటే, ఎక్కడ కాల్చాలో, కాల్చాలో వద్దో నిర్ణయించింది సైన్యం, మేం చెప్పింది చేశాం. కోర్టు ఒప్పుకుంది. సైన్యం యుద్ధరంగంలో తీసుకున్న నిర్ణయాల మీద మేం తీర్పు చెప్పలేం అని 2018లో అప్పీలు కోర్టు కేసులు కొట్టేసిన తీర్పునే ఖాయం చేసింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు వినడానికే నిరాకరించింది. పోనీ సైన్యాన్నే అడుగుదామా? ఉద్యోగంలో జరిగిన హానికి సైనికుడు ప్రభుత్వం మీద దావా వేయకూడదని 1950లోనే ఫెరెస్ కేసులో తీర్పు ఉంది.

చూశారా ఈ పనితనం. సైన్యం చాటున కంపెనీ, పాత తీర్పు చాటున సైన్యం. మన మేస్త్రీ ఫోన్ స్విచాఫ్ చేసుకోవాలి. వాళ్లకు ఆ శ్రమ కూడా లేదు.

అందుకే నేను అంటున్నాను: ఇలాంటి కాంట్రాక్టులో కొనేది శుభ్రత కాదు, దూరం. చెత్తకూ దాన్ని పుట్టించిన వాడికీ మధ్య దూరం. ఆ దూరం ఎంత పెరిగితే కాంట్రాక్టు అంత బాగా పనిచేసినట్టు.

ఇదంతా యుద్ధం వల్ల, శాంతికాలంలో పద్ధతిగా ఉంటుంది అనుకునే వాళ్లకు జపాన్ సంగతి చెప్తాను. 2000లో అక్కడి అమెరికా స్థావరాల్లో పోగుపడ్డ పీసీబీ చెత్తను, అంటే పాత ట్రాన్స్‌ఫార్మర్లలో వాడే విష రసాయనం కలిసిన సామాను, దాదాపు 100 టన్నులు ఓడకెక్కించారు. కెనడాకు పంపితే వాంకూవర్‌లో దించనివ్వలేదు. అమెరికాలోని సియాటిల్‌కు పోతే అక్కడా ఉండనివ్వలేదు, ఎందుకంటే పీసీబీలను దేశంలోకి తేకూడదని అమెరికా చట్టమే ఉంది. తిరిగి యోకొహామా. జపాన్ వాళ్లూ వద్దన్నారు. చివరికి పసిఫిక్ మధ్యలో ఉన్న వేక్ దీవికి తీసుకెళ్లి పెట్టారు. తన చెత్త తన ఇంట్లోకి రాకూడదని రాసుకున్న చట్టం! విషపు చెత్త ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోవాలంటే ఆ దేశం ఒప్పుకోవాలని చెప్పే బాసెల్ ఒప్పందం మీద అమెరికా 1990లో సంతకం పెట్టింది, ఇవాళ్టికీ ఆమోదించలేదు. స్థావరం ఖాళీ చేసినప్పుడు ఆ నేలను మునుపటిలా బాగుచేసి ఇవ్వాల్సిన బాధ్యత అమెరికాకు లేదని జపాన్‌తో చేసుకున్న ఒప్పందంలోనే రాసి ఉంది. ఊళ్లో చచ్చిన గొడ్డు ఊళ్లో ఉండకూడదు, కానీ దాన్ని ఊరు ముట్టదు. మన తాతలకు ఈ నియమం ఎవరూ ఇంగ్లీషులో చెప్పాల్సిన అవసరం రాలేదు.

సైనికుల పోరాటాన్ని నేను తక్కువ చేయను. ఏళ్ల తరబడి ఆక్సిజన్ సిలిండర్లతో వాషింగ్టన్ వీధుల్లో కూర్చుని సాధించుకున్నారు. 2022 ఆగస్టు 10న పాక్ట్ చట్టం మీద బైడెన్ సంతకం పెట్టాడు. బలాద్‌లో పనిచేసిన ఆయన కొడుకు మెదడు క్యాన్సర్‌తో పోయాడు, ఆ మంటల వల్లేనేమో అని ఆయన చాలాసార్లు అన్నాడు. ఆ చట్టం వచ్చాక, ఫలానా చోట పనిచేసిన మాజీ సైనికుడికి ఫలానా జబ్బు వస్తే అది పొగ వల్లే వచ్చిందని ప్రభుత్వమే అనుకుని వైద్యం, పింఛను ఇవ్వాలి. రుజువు చేసే బరువు రోగి మీద నుంచి దిగింది. గొప్ప విషయమే.

కానీ అది సైనికులకు. అదే గుంత పక్కన చెత్త బండి నడిపినవాడికి కాదు.

ఆ బండి నడిపింది ఎవరు? అమెరికా సైన్యం మూడు నెలలకోసారి తన కాంట్రాక్టు సిబ్బందిని లెక్కపెడుతుంది. మూడు గడులు ఉంటాయి: అమెరికా పౌరులు, స్థానికులు, 'మూడో దేశస్తులు'. ఈ మూడో దేశస్తులు అంటే నేపాలీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు, బంగ్లాదేశీలు, శ్రీలంక వాళ్లు, మనవాళ్లు. 2009లో ఇరాక్‌లో లక్షకు పైగా ఉన్న కాంట్రాక్టు సిబ్బందిలో ఈ గడే పెద్దది. ఒకే పనికి పాస్‌పోర్టును బట్టి జీతం. పుట్టుకను బట్టి పని, పుట్టుకను బట్టి కూలి అన్నది మనకు కొత్త కాదు కదా. దీన్ని కులం అనొద్దు, సామ్రాజ్యవాదం అనాలి అని మా వామపక్ష మిత్రులు దిద్దుతారు. అనండి. కానీ మీ యుద్ధ వ్యతిరేక కరపత్రంలో బాంబుల లెక్క ఉంది, సైనికుల లెక్క ఉంది, ఆ గుంతలో చెత్త తోసినవాడి లెక్క ఏది? నిచ్చెన మెట్ల వ్యవస్థ గురించి బాబాసాహెబ్ చెప్పింది మన ఊరి పొలిమేర దాకే అనుకుంటే ఆయన్ని మనం సగమే చదివినట్టు.

సగం అన్నాను కాబట్టి అసలు విషయం. విదేశీ స్థావరాల్లో కాంట్రాక్టు కింద పనిచేసే అందరికీ, ఏ దేశం వాళ్లకైనా, అమెరికాలో ఒక పరిహార చట్టం ఉంది. డిఫెన్స్ బేస్ యాక్ట్, 1941. కంపెనీ ఇన్సూరెన్స్ చేయించాలి. పనివల్ల గాయమైనా, జబ్బు చేసినా వైద్యం ఖర్చు, పూర్తిగా పనిచేయలేకపోతే వారం జీతంలో మూడింట రెండు వంతులు ఇవ్వాలి. బాగానే ఉంది. కానీ అదే చట్టంలో ఒక వాక్యం ఉంది. శాశ్వతంగా వికలాంగుడైనవాడు లేదా చనిపోయినవాడు అమెరికాకు చెందని విదేశీయుడైతే, మున్ముందు ఇవ్వాల్సిన పరిహారం మొత్తాన్ని లెక్కగట్టి, అందులో సగం ఒకేసారి ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీ దరఖాస్తు పెడితే కార్మిక శాఖ అలా చేసి తీరాలి.

సగం. 1941 నుంచి ఇవాళ్టి దాకా. అసలే తక్కువ జీతం, అందులో మూడింట రెండు వంతులు, మళ్లీ అందులో సగం. మనుస్మృతిలో ఒకే నేరానికి వర్ణాన్ని బట్టి శిక్ష మారుతుందని మనం తగలబెట్టాం. ఒకే ఊపిరితిత్తికి పాస్‌పోర్టును బట్టి ధర మారే ఈ వాక్యాన్ని ఎవరు తగలబెట్టాలి?

ఇందులో మనవాళ్లెవరూ లేరు అనుకోకండి. 2004లో ఇరాక్‌కు పోవద్దని భారత ప్రభుత్వం నిషేధం పెట్టింది. అయినా కువైట్, దుబాయ్ వీసాల మీద పోయి, అక్కడి నుంచి క్యాంపుల్లోకి చేరినవాళ్లు ఉన్నారు. జగిత్యాల వైపు ఒక ఊళ్లో, ఎస్సీ వాడలో, ఒక అన్నను కలిశాను. నాలుగేళ్లు క్యాంపులో చెత్త, లెట్రిన్ల బండి మీద పనిచేశాడు. ఇల్లు కట్టాడు, చెల్లె పెళ్లి చేశాడు. అది చిన్న సంగతి కాదు, ఆ ఇంటిని చూసి నాకూ గర్వంగానే అనిపించింది. ఇప్పుడు నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. ఏ కంపెనీ అన్నా అని అడిగితే ఆయన అన్నది ఇది: "తమ్మీ, గేటు కాడ అమెరికోడు, పైసలిచ్చేటోడు కువైటోడు, తీస్కపోయినోడు బొంబాయి ఏజెంటు. నేను ఎవల మనిషినో నాకే తెల్వది." ఆయాసం పొగ వల్లే వచ్చిందని నేను చెప్పలేను. డాక్టర్ చెప్పాలి. కానీ నువ్వు ఏ గాలి పీల్చావు అని ఆయన్ను ఇంతవరకు ఏ డాక్టరూ అడగలేదు. అమెరికాలో మాజీ సైనికుల కోసం 2014 నుంచి ఒక రిజిస్టర్ ఉంది, పొగ పీల్చినవాళ్ల పేర్లు రాసుకోవడానికి. ఆయన పేరు ఏ రిజిస్టర్‌లోనూ లేదు. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది. బతికి, దగ్గుతూ తిరిగొచ్చినవాడికి అందులో చోటు లేదు.

కాబట్టి విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్తున్నా. సెలవులకు ఊరికి పోయినప్పుడు గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లను "ఏ దేశం?" అని మాత్రమే అడగకండి. "క్యాంపులో చేశావా? ఏ ఊరు క్యాంపు? ఏ ఏడాది? చెత్త ఎక్కడ కాల్చేవాళ్లు?" అని అడగండి. పాత బ్యాడ్జి, జీతం చీటీ, ఏజెంటు రాసిచ్చిన కాగితం, వీసా పేజీ, ఏదున్నా ఫొటో తీసి పెట్టండి. కంపెనీ పేరు తెలియకపోయినా బ్యాడ్జి మీద ఉంటుంది. ఊపిరితిత్తుల డాక్టర్‌కు చూపించినప్పుడు ఈ పని చరిత్ర చీటీలో రాయించండి. పని వల్ల వచ్చిన జబ్బుకు, అది పని వల్లే వచ్చిందని తెలిసిన నాటి నుంచి రెండేళ్లలోపు ఆ చట్టం కింద క్లెయిమ్ పెట్టాలి. అందుకే డాక్టర్ ఏ తేదీన ఏం రాశాడన్నది ముఖ్యం.

క్లెయిమ్ ఫారం పేరు ఎల్‌ఎస్-203. ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని తెలుగులో అర్థమయ్యేలా రాసి, పక్కన కూర్చుని నింపించగల లా విద్యార్థులు ఇద్దరు ముగ్గురు కావాలి. కామెంట్‌లో జై భీమ్ పెట్టి ఊరుకోకండి, ఇన్‌బాక్స్‌కు రండి.