కడుపుకోత: తెలుగు విమర్శ మరిచిన బాలింత దేహం

'కడుపుకోత' అన్న మాటకు తెలుగు వ్యవహారంలో ఒక అర్థం స్థిరపడిపోయింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖాన్ని అలా అంటాం. పత్రికా శీర్షికలో వచ్చినా, వచన కవితలో వచ్చినా ఆ మాట వినగానే మన మనసు లేని బిడ్డ వైపు పోతుంది. అయితే 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, అంతకు ముందరి ఐదేళ్లలో తెలంగాణలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం శస్త్రచికిత్సతో జరిగినవే. దేశంలోని రాష్ట్రాలన్నిటిలో ఇదే అత్యధికం. అంటే ఇక్కడ సగానికి మించిన ప్రసవాలలో కడుపుకోత అలంకారం కాదు, వాచ్యార్థం. కత్తి పడింది, కుట్లు పడ్డాయి, మచ్చ మిగిలింది. జనం దానిని 'పెద్దాపరేషన్' అని వ్యవహరించి ఊరుకున్నారు. సాహిత్య భాష ఆ పేరైనా పెట్టలేదు. లక్ష్యార్థం వాచ్యార్థాన్ని ఇంతగా మింగివేసిన మాట విమర్శకుల కంట పడి ఉండవలసింది. పడకపోవడానికి కారణం ఉంది.

మాతృత్వాన్ని గురించి మన విమర్శ రాసినదానిలో అధికభాగం బిడ్డ స్థానంలో నిలిచి రాసినది. అందుచేత తల్లి మనకు త్యాగంగా, ప్రతీకగా, భాషగా, నేలగా కనిపించింది కానీ కాన్పు తరువాత తన ఒంటిని తాను చూసుకునే మనిషిగా కనిపించలేదు. స్త్రీ మనసులో తన దేహాన్ని గురించి ఏర్పడే రూపాన్ని ఇక్కడ దేహభావన అంటున్నాను. ఆ దేహానికి ఇతరుల ప్రయోజనంతో నిమిత్తం లేని విలువ ఉందని నమ్మి, ఆ నమ్మకానికి తగిన తిండి, విశ్రాంతి, మాట కోరడాన్ని ఆత్మప్రేమ అంటున్నాను. ఈ రెండూ నగరాల నుంచి దిగుమతి అయిన మాటలనీ, మన పల్లె తల్లులకు పట్టనివనీ కొట్టివేయడం పరిపాటి అయింది. ఆ మాట తప్పని వికారాబాదు, తాండూరు ప్రాంతం ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

మన సాహిత్య సంప్రదాయం స్త్రీకి రెండు దేహాలను ఇచ్చింది. ఒకటి ప్రబంధ నాయికది. పాదాది కేశాంతం వర్ణనకు నిలబడేది, చూడబడేది. రెండవది మాతృమూర్తిది. పూజకు నిలబడేది, మొక్కబడేది. మొదటి దేహానికి కాన్పు లేదు, రెండవ దేహానికి కాన్పు మచ్చలు లేవు. నిజానికి ఒకే స్త్రీ కొన్ని నెలల వ్యవధిలో ఈ రెండింటి మధ్య ప్రయాణిస్తుంది. ఆ మధ్యకాలపు దేహానికి కావ్యంలో చోటు దొరకలేదు. నుడికారంలోనూ ఇదే విభజన కనిపిస్తుంది. 'కడుపు చల్లగా', 'ఒడి నిండుగా' అన్న దీవెనలలో తల్లి దేహం బిడ్డకు తావుగా మన్నన పొందుతుంది. 'ఒళ్లు' అన్న మాట ఆమె విషయంలో ఎక్కువగా మందలింపులో వస్తుంది. ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి, ఒళ్లు కొవ్వెక్కకూడదు, పిల్లలు పుట్టాక ఒళ్లు చేస్తే నలుగురూ నవ్వుతారు. కడుపు పుణ్యం, ఒళ్లు నేరం. ఈ భాషలో పెరిగిన స్త్రీకి అద్దం ముందు నిలబడి తనను తాను మెచ్చుకోమని ఉపదేశించడం వల్ల ప్రయోజనం ఉండదు. ముందు ఆ భాషను ప్రశ్నించాలి.

అయితే భాషలో ఉన్నది ఇంతేనా? తాండూరు వెళితే ఇంకొకటి వినిపిస్తుంది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు గుల్బర్గా జిల్లాలో అధికభాగం మైసూరుకు పోగా తాండూరు, కొడంగల్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. అందువల్ల ఆ ప్రాంతంలో తెలుగు, కన్నడం, దక్కనీ ఉర్దూ ఇరుగుపొరుగు భాషలు. కాన్పయిన స్త్రీని తెలుగు బాలింత అంటుంది, కన్నడం బాణంతి అంటుంది, ఉర్దూ జచ్చా అంటుంది. ఈ మూడింటిలో ఏదీ 'తల్లి'కి పర్యాయపదం కాదు. తల్లి జీవితాంతం తల్లే. బాలింత కొద్ది కాలమే బాలింత. ఈ పదాలు బిడ్డతో సంబంధాన్ని కాక ఒక శారీరక స్థితిని చెబుతాయి. కన్నడంలో బాణంతన అంటే బాణంతికి చేసే సంరక్షణ. ముస్లిం కుటుంబాలలో చిల్లా అంటే ఆమెకు దక్కే నలభై రోజుల గడువు. తెలుగులో 'పచ్చి బాలింత' అంటాం. ఆ 'పచ్చి' అన్న విశేషణంలో ఆరని పుండు ఉంది, అంటరాదన్న హెచ్చరిక ఉంది, పని చెప్పరాదన్న ధర్మం ఉంది. పథ్యం, నడికట్టు, వేడినీళ్లు అన్నీ ఆ దేహానికి విడిగా దక్కిన మర్యాదలు. వాటిలో ఆంక్షలూ మూఢనమ్మకాలూ కలిసి ఉన్న మాట నిజం. బాలింతకు తిండి, నీళ్లు తగ్గించే అలవాట్లను ఎవరూ సమర్థించనక్కరలేదు. నేను చెప్పేది ఇంతే: బాలింత ఒళ్లు బిడ్డకు తావు మాత్రమే కాదని, దానికి సొంత అవసరాలు ఉన్నాయని ఈ మూడు భాషలూ ఒప్పుకున్నాయి. ఒప్పుకోనిది మన విమర్శ పరిభాష.

స్త్రీల పాటలు సైతం ఆ సంగతిని ఒప్పుకున్నవే. కౌసల్య వేవిళ్లు మొదలైన పాటలలో రామజననం దేవతల పుష్పవృష్టితో మొదలు కాదు. గర్భిణి అలసటతో, నొప్పులతో మొదలవుతుంది. 1991లో వెలువడిన తన ప్రసిద్ధ వ్యాసంలో వెల్చేరు నారాయణరావు స్త్రీల రామాయణ పాటలను ప్రత్యేక సంప్రదాయంగా గుర్తించారు. అగ్రవర్ణ స్త్రీల పాటలకూ ఇతర కులాల స్త్రీల పాటలకూ తేడా ఉన్నదని కూడా చూపించారు. ఈ రెండవ మాటను మనం త్వరగా మరిచిపోయాం. నలభై రోజుల విశ్రాంతి ఎవరికి దక్కింది? పొలానికి పోకపోతే పొయ్యి వెలగని ఇంటిలో పచ్చి బాలింత ఎన్నాళ్లు పచ్చి బాలింతగా ఉండగలిగింది? బాలింతను గురించిన మర్యాద భాషలో అందరికీ ఉంది, ఆచరణలో కులాన్ని బట్టి, కూలిని బట్టి అందింది. ఆత్మప్రేమను మానసిక వికాస పాఠంగా మాత్రమే చూసేవారికి ఈ తేడా కనిపించదు.

ఇక్కడే గోగు శ్యామల రచన మనకు దారి చూపిస్తుంది. తాండూరు ప్రాంతపు పెద్దేముల్‌లో పుట్టిన ఈ రచయిత్రి తన కథల సంపుటికి తల్లిదండ్రులను పోల్చే ఒక సామెతను పేరుగా పెట్టుకున్నారు: 'ఏనుగంత తండ్రి కన్నా ఏకులబుట్టంత తల్లి నయం'. ఈ సామెతను మాతృ ప్రశస్తిగా చదివి తృప్తిపడడం తేలిక. దానిలోని కొలతను గమనించాలి. తండ్రిని ఏనుగుతో కొలిచిన నోరు తల్లిని ఏకులబుట్టతో కొలిచింది. ఏకులబుట్ట పూజాద్రవ్యం కాదు, పనిముట్టు. వడకవలసిన దూది అందులో ఉంటుంది. అంటే సామెత తల్లి దేహాన్ని చిన్నదిగా చేస్తూనే శ్రమతో నిర్వచించింది. శ్యామల కథలలో తల్లులు ఈ శ్రమ దేహంతోనే నిలబడతారు. ఆ దేహం నాజూకుగా ఉండాలన్న షరతు అక్కడ లేదు, పవిత్రంగా ఉండాలన్న షరతూ లేదు. అదే సంపుటిలో కూతురిని జోగినిగా మార్చబోయే ఊరి నుంచి ఆమెను తప్పించి హాస్టలుకు చేర్చే తండ్రి కథ ఉంది. ఆడపిల్ల ఒళ్లు ఊరి సొత్తు కాదని చెప్పడానికి ఆ కుటుంబం చెల్లించిన మూల్యం ఏమిటో ఆ కథ చెబుతుంది. దేవదాసీ నిషేధ చట్టం ఈ రాష్ట్రంలో 1988లో వచ్చింది. నీ ఒళ్లు నీదే అన్న మాట ఇక్కడ అద్దం ముందు పుట్టలేదు. జోగిని వ్యవస్థను ఎదిరించిన కుటుంబాలలో పుట్టింది. ఆ మాటను నగరం నుంచి వచ్చినదనడం చరిత్రను తలకిందులు చేయడమే.

ప్రభుత్వ పథకాలు కూడా సాహిత్య విమర్శ చదవదగిన పాఠ్యాలే. 2022 డిసెంబరులో రెండు సంగతులు జరిగాయి. తాండూరు కందులకు భౌగోళిక గుర్తింపు లభించింది. అదే నెలలో గర్భిణులలో రక్తహీనతను తగ్గించడానికి పోషకాహార కిట్లు ఇవ్వవలసిన తొమ్మిది జిల్లాలలో ఒకటిగా వికారాబాదు జిల్లా ఎంపికైంది. కందులు రక్తహీనతకు మందు అని నేను అనడం లేదు. దేశానికి పేరున్న పప్పును పండించే నేల మీద గర్భిణికి నెయ్యి, ఖర్జూరం, ఇనుము మందు ప్రభుత్వం సంచిలో పెట్టి ఇవ్వవలసి వచ్చిందంటున్నాను. పైన చెప్పిన సర్వేలోనే తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం రక్తహీనులు. వీరిలో గర్భిణులు కానివారే ఎక్కువ. అయినా ఈ సంచి అందేది గర్భిణికే. 2017లో ప్రారంభమైన మరొక కిట్‌లో తల్లికి చీరలు, సబ్బులు ఉన్నా అధికభాగం వస్తువులు శిశువువి. సంక్షేమ భాషలో కూడా స్త్రీ దేహానికి అర్హత కడుపుతో వస్తుంది, పాలతో కొనసాగుతుంది, పాలు మానిపించిన నాడు ముగుస్తుంది.

ఈ పథకాలను చులకన చేయడం నా ఉద్దేశం కాదు. 2015 జనవరి నుంచి అమలైన ఆరోగ్యలక్ష్మిలో ఒక గొప్ప సూత్రం ఉంది. గర్భిణి, బాలింత అంగన్‌వాడీకి వచ్చి అక్కడే కూర్చుని అన్నం, గుడ్డు, పాలు తీసుకోవాలి. ఇంటికి తీసుకుపోతే ఆ గుడ్డు ఎవరి పళ్లెంలోకి పోతుందో ఈ పథకం రూపొందించినవారికి తెలుసు. అందరికీ వడ్డించి మిగిలినది తినడాన్ని మన కవిత్వం త్యాగమని కీర్తించింది. అంగన్‌వాడీ గది ఆ కీర్తిని పక్కన పెట్టి ఆమెను ముందు తినమంది. ఆత్మప్రేమకు ఇంతకంటె స్పష్టమైన నిర్వచనం నాకు తెలియదు. అది బాలింతరికం గడువు దాటిన స్త్రీకి కూడా వర్తించాలన్నదే నా వాదన.

వర్తించకపోతే ఏమవుతుందో పాత రంగారెడ్డి జిల్లాకు తెలుసు. వికారాబాదు, తాండూరు 2016 వరకు ఆ జిల్లాలోనివే. అదే పాత జిల్లాలోని ఇబ్రహీంపట్నంలో 2022 ఆగస్టు 25న ఒక శిబిరంలో 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేశారు. తరువాతి రోజులలో నలుగురు మరణించారు. బిడ్డలను కనడం పూర్తయిన దేహం మీద పడిన కోత అది. ఆ వార్తను మనలో చాలామందిమి తల్లిలేని పిల్లల కథగానే చదివాం. ఆ నలుగురి ప్రాణాలు వారి సొంతానికి కూడా విలువైనవన్న మాట మన నోట ముందుగా రాలేదు.

స్త్రీవాద విమర్శకు కూడా ఇందులో బాధ్యత ఉంది. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనపు తరం దేహాన్ని కవిత్వంలోకి తెచ్చింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్', పాటిబండ్ల రజని 'అబార్షన్ స్టేట్‌మెంట్' వంటి కవితలు అశ్లీలమనే ఆక్షేపణలను తట్టుకుని నిలిచిన కాలమది. ఆ కవయిత్రులు ప్రసవ గది తలుపు తెరిచారు. విమర్శకులమైన మనం ఆ గడప దాటి బాలింత గదిలోకి పోలేదు. నొప్పిని రాజకీయంగా చదవడం నేర్చుకున్నాం కానీ మానడాన్ని చదవడం నేర్చుకోలేదు. ఓల్గాకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన 'విముక్త' సంపుటిలోని 'సమాగమం' కథనే తీసుకోండి. సీత, శూర్పణఖల స్నేహాన్ని మనం సోదరీత్వంగా వ్యాఖ్యానించి ఊరుకుంటాం. ముక్కుచెవులు కోల్పోయిన స్త్రీ తన వికృతరూపం పట్ల అసహ్యాన్ని మొక్కలు పెంచే శ్రమతో దాటి తన దేహంతో రాజీపడడం ఆ కథకు ప్రాణం. ఆమెను వెతుక్కుంటూ వచ్చినది ఇద్దరు బిడ్డల తల్లి. కోత పడిన దేహం మళ్లీ తనదెలా అవుతుందన్న ప్రశ్న ఆ కథలో ఉండగా దానిని బాలింత దేహానికి అన్వయించుకోవడం మనకు తట్టలేదు.

తల్లిని ఇలా ఒంటితో కొలిస్తే మాతృత్వపు ఔన్నత్యం తగ్గదా అన్న ఆక్షేపణ ఉంటుంది. ఏడ్రియన్ రిచ్ 1976లోనే మాతృత్వ అనుభవాన్నీ మాతృత్వ వ్యవస్థనూ వేరు చేసి చూపారు. ఈ వాదన ప్రశ్నించేది వ్యవస్థను. అనుభవానికి దానివల్ల బలమే చేకూరుతుంది. తన ఒంటిని ద్వేషించుకునే తల్లి చేతిలో పెరిగే ఆడపిల్ల ఆ ద్వేషాన్ని కూడా నేర్చుకుంటుందన్నది అందరూ ఎరిగినదే. ఔన్నత్యం పేరుతో మనం కాపాడుతున్నది విగ్రహాన్ని. విగ్రహానికి రక్తహీనత ఉండదు.

కనుక తెలుగు శాఖలు చేయదగిన పనులు మూడు. బాలింత, పురుడు, పథ్యం, నడికట్టు వంటి మాటలను వికారాబాదు, తాండూరు వంటి బహుభాషా ప్రాంతాలలో కన్నడ, దక్కనీ రూపాలతో కలిపి, కులాన్ని బట్టి మారే అర్థాలతో సహా సేకరించాలి. మాతృత్వం పాఠ్యాంశమైన చోట పురుష కవుల మాతృస్తుతి పక్కన శ్యామల తల్లులను, నిర్మల ప్రసవ గదిని చదివించాలి. తల్లిని గురించిన ఏ పరిశోధన వ్యాసాన్ని పరీక్షించినా ఇందులో బిడ్డ కాక తల్లి ఎక్కడ ఉందని అడగాలి. ఆ ప్రశ్నకు సమాధానం దొరికిన నాడు కడుపుకోత అన్న మాట పోయిన బిడ్డతో పాటు బతికి ఉన్న తల్లిని కూడా గుర్తుకు తెస్తుంది.