ముసలి లారీని ఏ ఏటికి మళ్ళించాలి?

కలకత్తా నగరానికి నైరుతి దిశలో, ఖిదిర్‌పూర్ రేవులను ఆనుకొని ఉన్న పేట వాట్‌గంజ్. కర్నల్ హెన్రీ వాట్సన్ అనే ఇంజనీరు వల్ల దానికి ఆ పేరు వచ్చినది. ఆయన 18వ శతాబ్దం చివర ఇక్కడ ఓడలు కట్టే కార్ఖానా నెలకొల్పి, 1781లో ‘నాన్‌సచ్’ అనే ఓడను నీటిలోకి దింపాడు. (వారన్ హేస్టింగ్స్‌కూ ఫిలిప్ ఫ్రాన్సిస్‌కూ 1780లో జరిగిన పిస్తోళ్ళ ద్వంద్వయుద్ధంలో ఫ్రాన్సిస్ పక్కన నిలిచిన సహాయకుడు కూడా ఈయనే.) 1892లో ఖిదిర్‌పూర్ డాక్ తెరిచారు. 1902లో ఎస్ప్లనేడు నుంచి ఖిదిర్‌పూర్‌కు విద్యుత్ ట్రాము నడిచింది. ఓడల కథ, ట్రాముల కథ ఎవరో ఒకరు రాసి ఉంచారు. ఆ ఓడల నుంచి దిగిన సరుకును మోసిన లారీల కథను మాత్రం పట్టించుకున్నవారు తక్కువ.

పాత కార్లను అపురూపంగా చూసుకొనేవారికి కలకత్తాలో కొదవ లేదు. ‘స్టేట్స్‌మన్’ పత్రిక 1964లో ఢిల్లీలో ప్రారంభించిన పాత కార్ల ర్యాలీ 1968లో ఈ నగరానికి కూడా వచ్చినది. శీతకాలపు ఎండలో తళతళలాడుతూ సాగే ఆ వరుసలో కార్లదే రాజ్యం. కారణం ఊహించడం కష్టం కాదు. కారు ఇంటిమనిషి వంటిది. యజమాని కాలం చేసినా, నాన్నగారి జ్ఞాపకమని కొడుకు దానిమీద గుడ్డ కప్పి చావడిలో ఉంచుతాడు. లారీకి ఆ యోగం లేదు. ఒక చేతి నుంచి మరొక చేతికి, పెద్ద రోడ్డు నుంచి ఇటుకబట్టీకి దిగజారి, చివరకు తూకం లెక్కన పాత ఇనుము కొట్టుకు చేరుతుంది. కాబట్టి ఎక్కడో ఒకటి మిగిలి ఉంటే, దానిని బాగుచేయాలని ఒక సామాన్యుడికి కోరిక పుడితే, అది కాస్త వింత కోరికే గాని పనికిమాలిన కోరిక కాదు.

ఈ రేవులలో లారీల వైభవకాలం రెండవ ప్రపంచ యుద్ధం. బర్మా జపాను వశమైన తరువాత, చైనాకు సామగ్రి చేరవేయడానికి అమెరికా సేనకు కలకత్తాయే ముఖ్యమైన రేవు అయినది. 1943 డిసెంబరు 5న జపాను విమానాలు పట్టపగలే ఖిదిర్‌పూర్ రేవులమీద బాంబులు వేశాయి. అయినా ఓడలు ఆగలేదు. ఇక్కడ దిగిన సామగ్రి రైళ్ళమీద అస్సాముకు వెళ్ళేది. 1945 జనవరి 12న అస్సాములోని లేడో నుంచి బయలుదేరిన తొలి వాహనశ్రేణి, కొండలూ అడవులూ దాటి ఫిబ్రవరి 4న చైనాలోని కున్మింగ్ చేరినది. ఆ కాలపు అమెరికన్ సేనకు ఆయువుపట్టు జి.ఎం.సి. రెండున్నర టన్నుల లారీ. అటువంటివి 5 లక్షల 60 వేలకు పైగా తయారైనవి. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, మూడు ఇరుసులకూ శక్తి అందే ఏర్పాటు, వెనుక జంట చక్రాలతో మొత్తం పది టైర్లు. ఖాళీ బండి బరువే సుమారు 4 టన్నులు.

యుద్ధం ముగిశాక మిగులు వాహనాలు ‘డిస్పోజల్స్’ పేరిట అమ్ముడుపోయినవి. అక్కడితో వాటి మొదటి జన్మ ముగిసి, అంతకంటె ఎంతో దీర్ఘమైన రెండవ జన్మ మొదలైనది. సైనికుల బెంచీలు పోయి, వడ్రంగి కట్టిన కొయ్య బాడీ వచ్చినది. పెట్రోలు ఖర్చు భరించలేని యజమానులు అసలు ఇంజనును దింపి, పెర్కిన్స్ పి6 డీజిలు ఇంజనును బిగించుకున్నారు. మద్రాసులో సింప్సన్ కంపెనీవారు ఆ ఇంజనును తయారుచేసేవారు. 1954లో జంషెడ్‌పూర్ నుంచి టాటా-మెర్సిడెస్ లారీలు రావడం మొదలైన తరువాత కూడా ఈ ముసలి బండ్లు తమ పని తాము చేసుకుపోయినవి.

కొత్తగా ఈ పనికి దిగే ఔత్సాహికుడికి ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే. ఇనుము తుప్పు కాదు, డబ్బూ కాదు. బండిని ఏ సంవత్సరానికి తీసుకుపోవాలి? 1943కా, లేక అది బెంగాలు రోడ్లమీద జనపనార, బొగ్గు మోసిన కాలానికా?

దీనికి బండినే అడిగే ఉపాయం ఒకటున్నది. తలుపు మీద అరచేతి మేర స్థలం ఎంచుకొని, సన్నని గరుకు కాగితాన్ని తడిపి, మెల్లగా గుండ్రంగా రుద్దాలి. పొర కింద పొర బయటపడుతుంది. పైన ఆఖరి యజమాని పూసిన నీలం, దాని కింద పసుపు, ఎర్ర ఆక్సైడు, అన్నిటికీ అడుగున సైన్యపు ఆకుపచ్చ కనిపించవచ్చును. చెట్టు మొద్దులోని వలయాల వలె బండి వయస్సంతా అక్కడ కనిపిస్తుంది. చాలామంది ఆ ఆకుపచ్చను చూడగానే మురిసిపోయి, పైవన్నీ గీకివేసి, తెల్ల నక్షత్రం దిద్దేస్తారు. ఇది తొందరపాటు. అటువంటి సైనిక లారీలు ఐరోపాలోనూ అమెరికాలోనూ వేలకొద్దీ చక్కగా బాగుచేసి ఉంచినవి ఉన్నాయి. కొయ్య బాడీ, మద్రాసు ఇంజను, చేతితో రాసిన బంగ్లా అక్షరాలు ఉన్న లారీ మరెక్కడా దొరకదు. మొదటిసారి పని నేర్చుకొనేవాడు అరుదైనదానిని చెరిపి, దొరికేదానిని తయారుచేయడం ఏమి న్యాయం? డీజిలు ఇంజనుతో వచ్చిన బండిని డీజిలుతోనే ఉంచడం మేలు. ఏ మార్పు చేసినా, రేపు మరొకరు దానిని తిరగదీసే వీలుండాలి.

రెండవ పొరపాటు ఉత్సాహం వల్ల కలిగేది: ఒకే ఆదివారం బండినంతా విప్పివేయడం. విప్పడానికి ఒక వారం చాలు. ఆ మరలు ఎక్కడివో గుర్తు తెచ్చుకోవడానికి ఏడాది చాలదు. ఒక్కొక్క భాగాన్నే విప్పాలి. విప్పేముందు ఫోటో తీసి, ప్రతి బోల్టుకూ రేకు బిళ్ళ కట్టి, డబ్బాలో వేసి, పుస్తకంలో రాసుకోవాలి. ఛాసిస్‌మీది అంకెలు, ఇంజనుమీది అంకెలు, కాగితాలలోని అంకెలు ఒకటేనా అన్నది అన్నిటికంటె ముందు చూసుకోవలసిన సంగతి. కాగితాలు లేని బండి ఎంత చవక అయినా ఖరీదైనదే.

ఏళ్ళ తరబడి కదలని ఇంజను బిగిసిపోయి ఉంటుంది. దానిని మరొక బండికి కట్టి లాగించడం మొరటు పద్ధతి. రింగులు విరుగుతాయి, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. పెట్రోలు ఇంజనయితే ప్లగ్గుల రంధ్రాల ద్వారా, డీజిలు ఇంజనయితే ఇంజెక్టర్ల రంధ్రాల ద్వారా పల్చని నూనె, కిరోసిను కలిపి పోసి, పది రోజులు అలా వదిలి, హ్యాండిలుతో అంగుళం ముందుకు, అంగుళం వెనుకకు కదిపి చూడాలి. కదలకపోతే మళ్ళీ పోసి మళ్ళీ ఆగాలి. అసలు జి.ఎం.సి. బండ్లకు 6 వోల్టుల విద్యుత్తు. ఆ సంగతి తెలియక 12 వోల్టుల బ్యాటరీ తగిలిస్తే బల్బులన్నీ ఒక్క క్షణంలో మాడిపోతాయి.

ఇంజను పలికిన రోజు పండుగే. కాని అంతకుముందే బ్రేకులు బాగుపడి ఉండాలి. నడవని లారీ వల్ల ఎవరికీ ప్రమాదం లేదు. ఆగని లారీతోనే ప్రమాదం. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. ఆ పొడి ఊపిరితిత్తులకు విషం. గాలి కొట్టి దులపరాదు, తడిపి తుడవాలి. జాకీ ఒక్కదానినే నమ్మి బండి కిందకు దూరరాదు. గట్టి కొయ్యదుంగలు పేర్చవలసిందే. అన్నిటికంటె భయంకరమైనవి లాకు రింగు ఉన్న చక్రాలు. తుప్పుపట్టిన రింగు, గాలి నింపేటప్పుడు ఎగిరి వచ్చి మనిషి ప్రాణం తీయగలదు. ఆ పని ఇనుప పంజరం ఉన్న టైర్ల షాపులో జరగాలి. ఇందులో పొదుపు పనికిరాదు.

ఇక విడిభాగాలు. కలకత్తాలో మల్లిక్ బజారు ఈ సరుకుకు పేరుపడిన చోటు. అక్కడ దొరకనిదానిని చేయించుకోవచ్చును. పోత పనికి హౌరాలో ఫౌండ్రీలు, తిరగలి పనికి లేత్ షెడ్లు ఉన్నాయి. విరిగిన ముక్కను చేతిలో పెడితే, నకలు తీసి ఇవ్వగల మిస్త్రీలు ఇంకా ఉన్నారు. వారిలో పెద్దవారు ఒక్కొక్కరుగా తప్పుకుంటున్నారు. నేర్చుకోదలచినవాడు ఆలస్యం చేయరాదు. రంగు పని మాత్రం వర్షాలు వెళ్ళాక పెట్టుకోవాలి. హుగ్లీ గాలిలోని తేమకు, ఆషాఢంలో పూసిన రంగు మాఘానికి బుడగలు లేస్తుంది.

ఇంత పెద్ద బండిని ఇంత కష్టపడి కాపాడినవారు మన ప్రాంతంలోనూ ఉన్నారు, కాని వారు వ్యక్తులు కారు, సంస్థలు. నిజాం రాష్ట్ర రైల్వే 1914లో ఇంగ్లండు నుంచి తెప్పించిన జాన్ మోరిస్ అగ్నిమాపక శకటం నేడు ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియములో ఉన్నది. ర్యాలీలలో పాల్గొన్న చరిత్ర కూడా దానికి ఉన్నది. 1932లో ఆ రైల్వేశాఖ బస్సులు నడపసాగినప్పటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాదు బస్ భవన్‌లో చూడవచ్చును. వాటి వెనుక వర్కుషాపులు, జీతగాళ్ళు, విశాలమైన ఆవరణలు ఉన్నాయి. 21 అడుగులకు మించిన పొడవు గల లారీకి వాట్‌గంజ్ సందులలో నిలువనీడ సంపాదించడమే ఒంటరి మనిషికి సగం పని.

అన్నీ సమకూరినా చట్టం ఒకటి మిగిలి ఉన్నది. 50 ఏళ్ళు దాటిన వాహనాలకు ‘వింటేజి’ రిజిస్ట్రేషను ఇచ్చే నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో ప్రకటించినది. నంబరులో ‘వి.ఏ.’ అక్షరాలు, 20 వేల రూపాయల రుసుము, పదేళ్ళ గడువు. అయితే ఈ గౌరవం సొంతానికి వాడుకొనే ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలకే. సరుకు మోయడానికే పుట్టిన పది టైర్ల లారీ ఆ మాటల్లో ఎక్కడా ఇమడదు. పైగా 15 ఏళ్ళు దాటిన వాణిజ్య వాహనాలను కలకత్తా మహానగర పరిధి నుంచి తొలగించమని అక్కడి హైకోర్టు 2008లో ఆదేశించినది. నగరం పొగతో ఉక్కిరిబిక్కిరి అవుతున్న వేళ ఆ ఆదేశాన్ని తప్పుపట్టలేము. కాని రోజంతా సరుకు మోసే డొక్కు లారీకీ, ఏడాదికి నాలుగు రోజులు కదిలే ముసలి లారీకీ తేడా చూపే మాట ఒకటి నిబంధనలలో ఉండవలసినది.

అది వచ్చేవరకు బండి చాలాభాగం గేటు లోపలే గడపాలి. అటువంటప్పుడు నెలకొకసారయినా ఇంజనును వేడెక్కేదాకా నడిపి, బండిని పాతిక అడుగులు ముందుకూ పాతిక అడుగులు వెనుకకూ కదపడం మరచిపోరాదు. లేకుంటే ఒక్క వర్షాకాలంలో బ్రేకులు మళ్ళీ బిగుసుకుంటాయి.